ఆరో మంచం పంపు

ఆ వార్డులో ఎదురుగా ఆయమ్మ అనీ, వెనక గాభరమ్మ అనీ ఆమెకు రెండు పేర్లు. రెండో పేరు ఊరికే రాలేదు. మెట్ల మీద కాస్త తడి కనిపిస్తే చాలు, ఎవరో జారిపడి నడుము విరగ్గొట్టుకున్నట్టే కళ్ళకు కట్టేది. లిఫ్టు ఒక్క క్షణం తటపటాయించి కదిలితే గోడకు కరుచుకుపోయేది. కూతురు ఆఫీసు నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే, ఆ పావుగంటలోనే బస్సు బోల్తాపడడం, ఫోను రావడం, తను వెళ్ళి గుర్తుపట్టడం అన్నీ మనసులో అయిపోయేవి. తీరా ఆ పిల్ల తలుపు తీసుకుని లోపలికి వస్తే సంతోషించడానికి కూడా ఓపిక మిగిలేది కాదు.

"నువ్వు భయపడినవన్నీ జరిగి ఉంటే నేను ఇప్పటికి నలభైసార్లు చచ్చి ఉండాలమ్మా," అనేది కూతురు.

"అలాంటి మాటలు అనకు."

"నువ్వు అనుకోవచ్చు, నేను అనకూడదా?"

ఆమె చదివింది ఏడో తరగతి. భర్త చనిపోయిన ఏడాదే ఈ ఆస్పత్రిలో పనికి చేరి, పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచి, బెడ్‌పాన్లు మోసి ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. ఆ కూతురు ఇప్పుడు మందు పంపులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తోంది. ఆ పంపులే ఈ వార్డులోనూ ఉన్నాయి. మంచం పక్కన స్టాండుకు బిగించిన చిన్న డబ్బా. దానికి సిరంజీ తగిలించి గంటకు ఇంత అని అంకె పెడితే, రాత్రీ పగలూ లెక్క తప్పకుండా మందును నరంలోకి సన్నగా తోస్తూ ఉంటుంది. అంకె చూపించే తెరను ఒకరు చేస్తే, మందుకు అడ్డం పడితే అది పెట్టే కూతను ఇంకొకరు చేశారు. కూతురి పని వీటన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రాం. కెర్నెల్ అంటారట. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు ఎవరిని ఆపి ముందుకు పోవచ్చో అదే చూసుకుంటుంది.

కిందటేడు ఆ పంపులకు ఒక జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి ఆరిపోయి, తమంతట తామే మళ్ళీ వెలిగేవి. దానికి కారణం పట్టుకుని సరిచేసింది కూతురే. ఆఫీసులో అందరూ లేచి చప్పట్లు కొట్టారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వంటగది గట్టెక్కి కూర్చుని, అంట్లు తోముతున్న తల్లికి పాఠం మొదలుపెట్టింది.

"నువ్వు ఒకాయనకు ఒళ్ళు తుడుస్తున్నావనుకో. ఒక చేతిలో మగ్గు, ఒక చేతిలో తడి గుడ్డ. ఇంతలో బెల్ మోగింది. ఏం చేస్తావు?"

"రెండూ స్టూలు మీద పెట్టి పోతాను."

"వచ్చాక?"

"మళ్ళీ తీసుకుని తుడుస్తాను. ఇదేనా నీ ఉద్యోగం?"

"ఇదే. ఆ చేతుల్ని మేము రిజిస్టర్లు అంటాం. స్టూలును స్టాక్ అంటాం. పంపు మందు లెక్క వేసుకుంటూ ఉంటుంది. మధ్యలో ఎవరో మీట నొక్కితే, చేతుల్లో ఉన్నవన్నీ స్టూలు మీద పెట్టి అటు పోయి రావాలి. ఆ పనిలో ఉండగా ఇంకో బెల్ మోగితే, మళ్ళీ చేతుల్లోవి దాని మీదే పెట్టాలి. స్టూలేమో చిన్నది."

"పడిపోతాయి."

"అవి పడ్డప్పుడే పంపు ఆరిపోయేది. స్టూలును పెద్దది చేయడానికి ఆ డబ్బాలో చోటు లేదు. అందుకని పెట్టే సామాను తగ్గించాను. బెల్ దగ్గరికి పోయేవాడు ఒక చెయ్యే వాడతాడనుకో, ఆ చేతిలోది మాత్రమే కింద పెడితే చాలు కదా. దశాంశాల లెక్కల కోసం వేరే పెద్ద రిజిస్టర్లు ఉంటాయి. మీట పనికి దశాంశాలతో సంబంధం లేదు. వాటిని కింద పెట్టడం మాన్పించేశాను. సగానికి సగం బరువు తగ్గింది."

తల్లి గిన్నె బోర్లించి ఆగింది. "అంటే రెండో చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని పోతాడా?"

"అవును."

"పోయినవాడు ఆ చెయ్యి కూడా వాడి, గుడ్డ ఎక్కడో పారేసి, చేతికి దొరికింది పట్టుకొస్తే?"

కూతురు నవ్వేసింది. "వాడడమ్మా. నేను ఒక్కొక్క లైనూ చదివాను. నీకు ఏది చెప్పినా అందులో ఒక చావు వెతుకుతావు."

తర్వాత కొన్నాళ్ళకు, చేతిలో కంప్యూటర్లు పట్టుకుని ఇద్దరు మనుషులు వార్డుకు వచ్చి, పంపు పంపుకూ తిరిగి కొత్త ప్రోగ్రాం ఎక్కించి పోయారు. ఆమె గర్వం ఆపుకోలేక, మా అమ్మాయి రాసిందేనని పెద్ద సిస్టర్‌తో అనేసింది. అప్పటి నుంచి ఏ పంపు కూసినా పెద్ద సిస్టర్‌ది ఒకటే మాట. "ఆయమ్మా, మీ మనవరాలు ఏడుస్తోంది, పోయి సముదాయించు."

నిజానికి ఆయమ్మలు పంపు ముట్టుకోకూడదు. గోడ మీద కాగితం అంటించి ఉంది. కానీ రోగి చెయ్యి మడిచిన ప్రతిసారీ గొట్టం నలిగి పంపు కూస్తుంది. వార్డుకు ఇద్దరే సిస్టర్లు. వాళ్ళు వచ్చేలోపు కూత ఆపే మీట ఆయమ్మలు నొక్కడం, ఆ తర్వాత సిస్టర్ వచ్చి గొట్టం సరిచేయడం రివాజైపోయింది. నొక్కమని ఎవరూ కాగితం మీద రాయలేదు. నొక్కకపోతే మాత్రం కసురుకుంటారు.

ఆ సోమవారం పొద్దున పదకొండు దాటింది. ఆరో మంచం మీద మాస్టారు ఉన్నాడు. ఒకప్పుడు బళ్ళో బొమ్మలు వేయడం నేర్పేవాడు. రక్తపోటు పడిపోకుండా నిలబెట్టే మందు ఆయనకు పంపు మీద పోతోంది. తెర మీద అంకె నాలుగు పాయింట్ రెండు. పొద్దున్నే దాన్ని చూసి ఆయన, "పదికి నాలుగుంపావు. అత్తెసరు మార్కులు, అయినా పాసే," అని భార్యతో అంటూ ఉండేవాడు. ఆవిడ నవ్వేది కాదు. ఆవిడకు ఆయన జోకులన్నీ కంఠతా వచ్చు.

మాస్టారు పక్కకు ఒత్తిగిలాడు. పంపు కూసింది. సిస్టర్ రెండో మంచం దగ్గర సూది గుచ్చుతూ, "ఆయమ్మా, చూడు," అని కేకేసింది. ఆయమ్మ అప్పటిదాకా నాలుగో మంచం ఆయనకు ఒళ్ళు తుడుస్తోంది. తొడుక్కున్న గ్లవుజులు తడిగా ఉన్నాయి. వేలి కొసతో నొక్కితే జారుతుందని, ఎప్పటిలాగే వేలి కణుపుతో టకటకా ఐదారుసార్లు కొట్టింది. కూత ఆగింది.

తెర మీద అంకె పంతొమ్మిది పాయింట్ ఎనిమిది అయింది.

ఆమె కళ్ళు చిట్లించింది. అంకె మారలేదు. గొట్టం నలిపిన చెయ్యి చాపి, మాస్టారు రెండోది గుండె మీద వేసుకున్నాడు.

"ఇదేమిటే, గుండె ఇలా తన్నుకుంటోంది."

"పొద్దుటి నుంచి మూడు కప్పులు టీ పోస్తే తన్నుకోదా?" అంది ఆయన భార్య, చేతిలో పత్రిక మడవకుండానే. "ప్రతిదానికీ భయమే మీకు."

మాస్టారు మొహం ఎర్రబడింది. నుదుటి మీద నరం ఉబ్బి కొట్టుకోవడం ఆయమ్మకు కనిపించింది. ఒక నిమిషం గడిచిందో లేదో, అంకె మళ్ళీ నాలుగు పాయింట్ రెండుకు వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. సిస్టర్ వచ్చి గొట్టం సరిచేసి, తెర చూసి, నాలుగు పాయింట్ రెండని చార్టులో రాసుకుని వెళ్ళిపోయింది.

ఆయమ్మ అక్కడే నిలబడిపోయింది. చెబితే సిస్టర్ మొదట అడిగేది, నువ్వెందుకు ముట్టుకున్నావని. రెండోది, ఈ పంపు ఎవరిదని. రెండు ప్రశ్నలూ తిరిగి తిరిగి తన ఇంటికే వస్తాయి. ఒకదానికి తన ఉద్యోగం పోతుంది, రెండోదానికి కూతురి చేతికి బేడీలు పడతాయి. ఆమె మనసులో ఆ పిల్ల అప్పుడే పోలీసు బండి ఎక్కింది కూడా. అంకె మారింది ఒక్క నిమిషమే కదా అనుకుంది. తడి చెయ్యి తగిలి తనే ఏదో చెడగొట్టిందేమో, లేకపోతే అసలు తను సరిగ్గా చూడనే లేదేమో. గాభరమ్మ చూసినవి ఎన్ని నిజమయ్యాయి గనక?

మర్నాడు పొద్దున కూతురు తల దువ్వుకుంటుంటే వెనక నిలబడింది.

"బుజ్జీ, మీ పంపులో అంకె దానంతటది మారుతుందా?"

"ఎవరైనా మారిస్తే మారుతుంది."

"ఎవరూ మార్చకుండా."

కూతురు అద్దంలోంచే చూసింది. "మొన్న ఫ్రిజ్ చప్పుడు చేస్తోందని, పేలిపోతుందని, పక్కింటివాళ్ళను కూడా బయటికి రప్పించావు. పేలిందా?"

"లేదు."

"నా దగ్గుకు ఎక్స్‌రే తీయించావు. ఏమైనా కనిపించిందా?"

"లేదులే."

"మరి ఆ పంపును వదిలెయ్యి. నాకు పది గంటలకు మీటింగుంది, ఇప్పుడు నీ భయాలు ఎక్కించుకుంటే సాయంత్రం దాకా దిగవు."

ఇంకొక్క మాట అంటే సరిపోయేది. నా కళ్ళతో చూశాను, ఫలానా వేళకు, ఫలానా మంచం దగ్గర అని. ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది. కానీ కూతురు కొట్టిపారేసినందుకు ఎక్కడో లోపల ఊరటగా అనిపించి, ఆ ఊరట చాటున దాక్కుంది. జన్మలో మొదటిసారి తన భయాన్ని ఇంకొకరు నమ్మకపోవడం ఆమెకు హాయిగా తోచింది.

మంగళవారమంతా ఆరో మంచం చుట్టూ కాపలా కాసింది. పంపు కూసినప్పుడల్లా మీట జోలికి పోకుండా సిస్టర్ కోసం పరిగెత్తింది. నాలుగోసారికి సిస్టర్‌కు ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ నొక్కిన చేతికి ఇవాళ ఏమొచ్చింది? నొక్కి రా, పో." అప్పుడూ చెప్పలేదు. బుధవారం ఆమెను కింద గుడ్డలు లెక్కపెట్టే గదిలో వేశారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు మడతపెడుతూ, మాస్టారు బాగానే ఉంటాడని తనకు తనే చెప్పుకుంది. మంచి జరుగుతుందని అనుకోవడం ఆమెకు అలవాటు లేని పని. ఎంతసేపు అనుకున్నా మనసుకు అతకలేదు.

గురువారం పొద్దున వచ్చేసరికి ఆరో మంచం ఖాళీగా ఉంది. పక్క కూడా మార్చేశారు.

"మూడో అంతస్తుకు తీసుకుపోయారు," అంది తోటి ఆయమ్మ, తడిగుడ్డ పిండుతూ. "నిన్న సాయంత్రం గుండె గతి తప్పిందట. మాట పడిపోయింది."

"నిన్న ఆయన పంపు ఎవరు నొక్కారు?"

"నేనే నొక్కాను. ఏం, నువ్వు నొక్కవా?"

"అంకె చూశావా?"

"కూత ఆపడానికి పోయినదాన్ని, అంకె చూడడానికా? అయినా నాకెందుకమ్మా అంకెలు." ఆమె గుడ్డ విదిలించి నేల తుడవడానికి వంగింది.

ఆయమ్మ మెట్ల మధ్యలో గోడకు ఆనుకుని కూతురికి ఫోను చేసింది. ఈసారి భయమని చెప్పలేదు. సోమవారం, పదకొండు దాటాక, నాలుగు పాయింట్ రెండు, పంతొమ్మిది పాయింట్ ఎనిమిది, ఒక నిమిషం అని వరసగా చెప్పింది. ఎర్రబడిన మొహం చెప్పింది, ఖాళీ అయిన మంచం చెప్పింది.

"ఎలా నొక్కావు?"

"కణుపుతో. టకటకా."

"ఎన్నిసార్లు?"

"ఐదో ఆరో. కోపం చేసుకోకు తల్లీ."

"కోపం తర్వాత. ఇప్పుడు ఆయన ఏ పంపు మీద ఉన్నాడు?"

"అదే. ఆయనతోపాటే పైకి పోయింది."

"మూడో అంతస్తు ఫోను నంబరు ఇవ్వు. ముందు దాన్ని తీయిస్తాను. నువ్వు సెలవు పెట్టి మా ఆఫీసుకు వచ్చెయ్యి. వచ్చేటప్పుడు నువ్వు తొడుక్కునే గ్లవుజులే తీసుకురా."

కూతురి ఆఫీసులోకి ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. కిటికీలు లేని పొడుగాటి గది. బల్ల మీద వరసగా ఆరు పంపులు గాజు సీసాల్లోకి నీళ్ళు తోస్తున్నాయి. కూతురి పైఅధికారి తలుపు చట్రానికి తల తగిలేంత పొడుగు. మర్యాదగా కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు.

"ఈ మీట మేము వేలసార్లు నొక్కి చూశామండీ," అన్నాడు.

"ఎలా నొక్కారు బాబూ?"

ఆయన వేలితో ఒక్కసారి నొక్కి, కూత ఆగేదాకా ఆగి, వేలు తీశాడు. పంపుతో ఇచ్చే పుస్తకంలో అలాగే రాసి ఉంది. ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇరవై మంచాల వార్డులో అంత తీరుబడిగా మీట నొక్కే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

గ్లవుజులు తడుపుకుని మొదలుపెట్టింది. కూతురు గొట్టం నొక్కిపట్టి పంపును కూయించి వదులుతుంది, తల్లి కణుపుతో టకటకా కొట్టి ఆపుతుంది. మళ్ళీ కూత, మళ్ళీ కణుపు. గంట గడిచింది. అంకె చెక్కుచెదరలేదు. కణుపు వాచి, చర్మం ఎర్రగా కందిపోయింది.

"అమ్మగారూ, ఆ కంగారులో ఒక అంకెకు ఇంకో అంకె కనిపించి ఉండవచ్చు," అన్నాడు పొడుగాయన మెల్లగా. "మీరు కాస్త భయస్తులని మీ అమ్మాయే చెప్పింది."

"భయస్తురాలిననే మాట నిజమే బాబూ. చూసింది కూడా నిజమే."

"ఆపకమ్మా," అంది కూతురు. ఆ పిల్ల తల ఎత్తలేదు.

కొడుతూనే ఉంది. అంకె మారకూడదని మొక్కుకుంటోంది, మారకపోతే ఎలాగని హడలిపోతోంది. మారకపోతే కూతురి గండం గడుస్తుంది, ఆస్పత్రిలో మాస్టారు మాత్రం ఉత్తినే పోతాడు. రెండు కోరికలూ ఒకే గుండెలో కొట్లాడుకుంటుంటే ఏది తనదో ఆమెకే తేలలేదు.

పన్నెండున్నరకు నాలుగు పాయింట్ రెండు పోయి, ఇరవై ఏడు పాయింట్ ఆరు వచ్చింది. సీసాలో చుక్క చుక్కగా పడే నీళ్ళు చిన్న ధారయ్యాయి. ముగ్గురూ చూశారు. నిమిషం తర్వాత పంపు లెక్క తిరిగి వేసుకుని నాలుగు పాయింట్ రెండుకు వచ్చింది. ధార మళ్ళీ చుక్కలైంది.

కూతురు కంప్యూటరు ముందు కూర్చుంది. మనుషులు రాసిన లైన్లు వదిలేసి, వాటిని కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం యంత్రం భాషలోకి ఎలా మార్చిందో తీసి కిందికి కిందికి చదువుకుంటూ పోయింది. అరగంటకు ఒకచోట వేలు ఆగింది.

"మీట పని రాసినవాళ్ళు ఇందులో దశాంశాలు వాడలేదు," అంది, గొంతులో ఏ మార్పూ లేకుండా. "కూత వివరాల కట్ట ఒకటి ఇక్కడి నుంచి అక్కడికి మార్చమన్నారు, అంతే. కంపైలర్ పని తొందరగా అవుతుందని ఆ పెద్ద రిజిస్టర్లలో వేసుకుని మోసింది. నేను మనుషులు రాసింది చదివాను. అది చేసింది చదవలేదు."

పొడుగాయన వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కూతురు తల్లి వైపు తిరిగింది.

"రెండో చెయ్యి వాడాడమ్మా," అంది.

తల్లి ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేయబోయి, తడి గ్లవుజు చూసుకుని ఆగిపోయింది. లెక్క సగంలో ఉన్నప్పుడు, సరిగ్గా ఆ రవ్వంత సమయంలో, మీట పని వచ్చి పడితేనే అలా అవుతుందట. మీటను ఒక్కసారి నొక్కేవాళ్ళకు ఏళ్ళు గడిచినా కనిపించకపోవచ్చు. టకటకా కొట్టేవాళ్ళ వార్డులో ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

రెండు గంటలకల్లా ఆ పంపులన్నీ వాడకం నుంచి తీసేయమని ఆస్పత్రులకు కబుర్లు వెళ్ళాయి. తర్వాత లోపం గురించి నింపి పంపాల్సిన పత్రం ఒకటి మిగిలింది. కూతురు నింపుకుంటూ వచ్చి ఒక గడి దగ్గర ఆగింది. లోపం మొదట గమనించిన తేదీ.

"ఇవాళ్టిది వెయ్యి," అన్నాడు పొడుగాయన. "మనకు తెలిసింది ఇవాళేగా. అమ్మగారిని ఇందులోకి లాగడమెందుకు?"

కూతురు తల్లిని చూసింది. "ఏం వెయ్యమంటావు?"

"ఇవాళ్టిది వేస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. నీ ఉద్యోగం నీకుంటుంది."

"సోమవారం వేస్తే?"

"సోమవారమే ఆయన పంపు ఇలా చేసిందని తేలితే, నిన్న ఆయనకు జరిగింది కూడా దీనివల్లనేనా అని చూస్తారు. డాక్టర్లు వైద్యం కూడా ఆ దారిలో ఆలోచిస్తారు. ఇవాళ్టిది వేస్తే ముసలాయన, గుండె జబ్బు అని వదిలేస్తారు."

"నీ సంగతి?"

"ఆ మార్పు కింద ఉన్న సంతకం నాదే. ఏ తేదీ వేసినా అది చెరగదు."

ఆమె గ్లవుజులు విప్పింది. ఒకటి వేలికి అతుక్కుని లోపలిది బయటికి తిరగబడి వచ్చింది. దాన్ని మళ్ళీ తిన్నగా చేస్తూ, "సోమవారం," అంది. "పదకొండు దాటింది. మీట నొక్కింది నేను. మేమందరం నొక్కుతామని కూడా రాయి. వేరే ఆస్పత్రుల్లోనూ ఆయమ్మలు ఉంటారు."

కూతురు రాసింది. చేతిరాత కొంచెం కూడా వణకలేదు. తల్లికి అది చూస్తే ఇంకా భయమేసింది.

పత్రం ఆస్పత్రికి చేరేలోపు తనే చెప్పాలని నాలుగింటికి వార్డుకు తిరిగొచ్చింది. పెద్ద సిస్టర్ అంతా విని, కుర్చీలోంచి లేచి తలుపు వేసింది.

"ఆయమ్మలు ముట్టుకోకూడదని తెలియదా?"

"తెలుసు సిస్టర్."

"మేమే నొక్కమంటామని కూడా అందులో రాయించావా?"

"అందరం నొక్కుతామని రాయించాను."

పెద్ద సిస్టర్ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. "సోమవారం నాకు చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదేమో," అంది. "అయినా నువ్వు చెప్పి ఉండాల్సింది."

"అవును."

"రేపటి నుంచి రావద్దు. విచారణ ఉంటుంది, కబురు చేస్తారు. అలమర తాళం ఇచ్చి వెళ్ళు."

తాళం ఇచ్చేసింది. బయట తోటి ఆయమ్మలు గుసగుసలాడుతూ ఆమె రాగానే చెదిరిపోయారు. గాభరమ్మ అని ఎవరూ అనలేదు. ఆ పేరైనా పెట్టి పిలిస్తే బాగుండుననిపించింది. ఇంటికి పోకుండా మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళింది.

మాస్టారి భార్య గాజు తలుపు ఎదుట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆయన కళ్ళజోడు పెట్టె. ఆయమ్మను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"రా అమ్మా. నువ్వన్నా కనిపించావు. ఇక్కడివాళ్ళు ఎవరూ మాట్లాడరు. కళ్ళు తెరవలేదు ఇంకా. పొద్దున పంపు మార్చారు, ఎందుకో చెప్పలేదు."

ఆయమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సోమవారం తను మీట నొక్కడం, అంకె మారడం, నిమిషం తర్వాత తిరిగి రావడం. ఆ ప్రోగ్రాం రాసింది తన కూతురేనని చెప్పింది. నిన్న కూడా అలాగే జరిగిందో లేదో ఎవరూ చూడలేదని, ఆయనకు ఇలా అవడానికి అదే కారణమో కాదో ఇంకా ఎవరికీ తెలియదని చెప్పింది. కంపెనీ నుంచి కాగితం వస్తుందని, డాక్టర్లను గట్టిగా అడగమని చెప్పింది.

ఆవిడ అంతా విని మెల్లగా అంది, "గుండె తన్నుకుంటోందన్నారు ఆయన. టీ తాగినందుకే అని నేను తిట్టాను."

"విన్నానమ్మగారూ."

"ప్రతిదానికీ భయమేనన్నాను."

"అవును."

"నువ్వు అక్కడే ఉన్నావు."

"మంచం పక్కనే ఉన్నాను."

"అంకె చూస్తూ ఉన్నావు. నేను ఆయన్ని తిడుతుంటే వింటూ ఉన్నావు." ఆవిడ గొంతు పెంచలేదు. "సోమవారం, మంగళవారం, బుధవారం. మూడు రోజులు."

కూతురి గురించి భయపడ్డానని ఆయమ్మ చెప్పవచ్చు. ఆ మాట ఇక్కడ, ఈ గాజు తలుపు ముందు, నోట్లోంచి రాలేదు.

"వెళ్ళమ్మా," అంది ఆవిడ. "నువ్వు వచ్చి చెప్పావు, అది నేను మర్చిపోను. కానీ ఇప్పుడు నీ మొహం చూడలేను."

ఆమె తలూపి వెనక్కి తిరిగింది. ఒక అంతస్తు దిగి, మెట్ల మీద గోడవారగా కూర్చుంది. పైన గాజు తలుపు తీసిన చప్పుడైనప్పుడల్లా తల ఎత్తి వింటోంది. ఎవరైనా పరిగెడుతున్నారా, ఎవరైనా ఏడుస్తున్నారా అని. కూతురు రెండుసార్లు ఫోను చేసింది. మూడోసారికి ఎత్తి, "ఇంకా ఏమీ తెలియలేదు బుజ్జీ," అని మాత్రం చెప్పి, మళ్ళీ పైకి చూస్తూ కూర్చుంది.